నేను భయపడిన దిక్కు

ఆస్ట్రేలియాలో మేముండే విక్టోరియా రాష్ట్రంలో నేరాలు పెరిగాయా, తగ్గాయా? ఈ ప్రశ్నకు నేను చాలా ఏళ్లు తడుముకోకుండా జవాబు చెప్పాను. ఒకప్పుడు పెరిగిపోయాయన్నాను. ఇంకొకప్పుడు అదంతా ఉత్త ప్రచారమన్నాను. ఆ తర్వాత మళ్లీ పెరిగిపోయాయన్నాను. ప్రతిసారీ నలుగురిలో కూర్చుని గట్టిగానే చెప్పాను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్ చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డారు. ఇక్కడ ఇల్లు కొనాలనుకునేవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్లు, కొత్తగా చదువుకు వచ్చిన పిల్లలు నన్ను ఈ సంగతి అడిగేవారు. పేపర్లు చదువుతాడు, లెక్కలు చూస్తాడు అని నా మీద ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తెలివితక్కువతనానికి మూల్యం చెల్లించింది వేరే మనిషి. అందుకని దీన్ని దాచుకునే హక్కు నాకు లేదు.

నేను విద్యార్థిగా వచ్చిన రోజుల్లో భయానికి కారణం ఉంది. 2009లో మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద వరసగా దాడులు జరిగాయి. మే నెలలో ఒక పార్టీలో చొరబడి మన ఆంధ్ర కుర్రాడి తలలో స్క్రూడ్రైవర్ దింపారు. ఆ నెలాఖరున వేలమంది విద్యార్థులు ఊరేగింపుగా వచ్చి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు కూడలిలో బైఠాయించారు. 2010 జనవరిలో పంజాబ్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి, రాత్రి పనికి నడిచి వెళ్తుంటే, యారావిల్‌లో పార్కు దగ్గర పొడిచి చంపారు. రైల్లో మీ భాషలో గట్టిగా మాట్లాడకండి, ల్యాప్‌టాప్ పైకి కనిపించనివ్వకండి అని పోలీసులే సలహా ఇచ్చిన కాలమది. ఊళ్లో మా ఇంట్లో టీవీ పెడితే ఆ వార్తలే. నేను షిఫ్టు ముగించుకుని చివరి రైలెక్కి, దిగి, ఇంటికి చేరి ఫోన్ చేసేదాకా అమ్మ పడుకునేది కాదు.

ఆ తర్వాత 2011లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రిమినాలజీ విదేశీ విద్యార్థుల మీద జరిగిన నేరాల లెక్క తీసింది. కొట్టడం, పొడవడం లాంటి దాడుల్లో భారతీయ విద్యార్థుల రేటు ఇక్కడి సాధారణ జనాభా రేటుకు మించలేదు. దోపిడీల్లో మాత్రం మించింది. కారణాలు వెతికితే పెట్రోల్ బంకులు, రాత్రంతా తెరిచి ఉంచే చిల్లర దుకాణాలు, టాక్సీలు, అర్ధరాత్రి రైళ్లు కనిపించాయి. మనవాళ్లు ఎక్కడ, ఏ వేళకు, ఎంత ఒంటరిగా పని చేస్తున్నారో అక్కడే ప్రమాదం ఉంది. జాతిద్వేషం లేదని ఆ నివేదిక కొట్టిపారేయలేదు, దాన్ని విడిగా తేల్చడానికి తన దగ్గరున్న సమాచారం చాలదంది. 2012 నుంచి సాయంత్రం ఆరు దాటితే చివరి రైలు వెళ్లేదాకా స్టేషన్లలో ప్రొటెక్టివ్ సర్వీసెస్ ఆఫీసర్లను నిలబెట్టడం మొదలైంది. ప్లాట్‌ఫాం మీద ఆ యూనిఫాం కనిపిస్తే ఇప్పటికీ నాకు ధైర్యంగా ఉంటుంది.

ఆ నివేదిక నుంచి నేను నేర్చుకోవలసింది ఒకటుంది. భయం వేసినప్పుడు ఏ నేరం, ఎక్కడ, ఏ వేళ, ఎవరి చేతుల్లో అని విడివిడిగా అడగాలి. నేను అడగలేదు. పని మారింది, షిఫ్టులు పోయాయి, ఇల్లు కొనుక్కున్నాం, మా అబ్బాయి బడికి వెళ్తున్నాడు. చివరి రైలు నాటి భయం మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. ఎవరో ఒకర్ని చూపించి ఆ భయాన్ని వాళ్ల మీదకు తిప్పడానికి సిద్ధంగా ఉంది.

చూపించారు కూడా. 2017 చివర్లో మా టార్నీట్‌లోనే ఎకోవిల్ పార్కు భవనాన్ని కుర్రాళ్లు ధ్వంసం చేశారు. అద్దాలు పగిలాయి, గోడలకు కన్నాలు పడ్డాయి. పేపర్లన్నీ ‘ఆఫ్రికన్ గ్యాంగులు’ అని మొదలుపెట్టాయి. 2018 జనవరిలో అప్పటి హోం వ్యవహారాల మంత్రి పీటర్ డటన్ మెల్‌బోర్న్ జనం రాత్రిపూట బయట భోజనానికి వెళ్లాలన్నా భయపడుతున్నారని రేడియోలో చెప్పారు. ఆ మాటను మా వాట్సాప్ గ్రూపులో పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. పక్క వీధిలో నలుగురు నల్లటి కుర్రాళ్లు బంతి పట్టుకుని నడిచి వస్తుంటే రోడ్డు దాటి అవతలికి వెళ్లాను. మా అబ్బాయితో ఒకే తరగతిలో చదివే దక్షిణ సూడాన్ కుటుంబం పిల్లవాడు సాయంత్రాలు మా ఇంటికి వచ్చేవాడు. పూరీలంటే వాడికి ప్రాణం. “కొన్నాళ్లు వాణ్ణి రావద్దని చెప్పు” అన్నాను మా వాడితో. మా వాడు ఎందుకని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రైల్లో తెలుగులో మాట్లాడొద్దన్నందుకు 2009లో ఎంత కుమిలిపోయానో మర్చిపోయి, అదే పని ఒక చిన్న పిల్లవాడికి చేశాను.

అప్పుడే నేను విక్టోరియా క్రైమ్ స్టాటిస్టిక్స్ ఏజెన్సీ లెక్కలు చూడటం మొదలుపెట్టాను. పోలీసుల లెక్కలను పోలీసులే ప్రకటిస్తే నమ్మకం ఉండదని, వాళ్లకు సంబంధం లేని ఈ సంస్థను 2015లో ఏర్పాటు చేశారు. మూడు నెలలకోసారి రాష్ట్రం మొత్తానికీ, ఒక్కో పురపాలికకూ, ఒక్కో శివారుకూ లెక్కలు విడుదల చేస్తారు. ఎవరైనా చూడొచ్చు. అందులో నాకు కనిపించినది ఇది: పోలీసులు నిందితులుగా నమోదు చేసినవాళ్లలో సూడాన్‌లో పుట్టినవాళ్లు సుమారు ఒక శాతం. జనాభాలో వాళ్ల వాటా అంతకంటే బాగా తక్కువ గనుక ఆ ఒక శాతమూ ఎక్కువే, దాన్ని కాదనడం నిజాయితీ కాదు. అయితే నిందితుల్లో ప్రతి పదిమందికీ ఏడుగురు ఈ దేశంలోనే పుట్టినవాళ్లు. రాష్ట్రం మొత్తమ్మీద 2016లో బాగా పెరిగిన నేరాల రేటు 2017లో తగ్గింది. మేమంతా గ్రూపుల్లో గుండెలు బాదుకున్నది తగ్గిన ఏడాదిలో! 2018 నవంబరు ఎన్నికల్లో శాంతిభద్రతలనే పట్టుకుని ప్రచారం చేసిన ప్రతిపక్షం చిత్తుగా ఓడిపోయింది.

సిగ్గుపడ్డాను. అక్కడితో ఆగి ఆ పిల్లవాడి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి ఉంటే బాగుండేది. అది చెయ్యలేదు. దానికి బదులు లెక్కలు తెలిసిన మనిషినయ్యాను. ఎవరు నేరాల మాటెత్తినా ఫోన్ తీసి గ్రాఫు చూపించేవాణ్ణి. మాకు రెండు వీధుల అవతల ఒక తెలుగు కుటుంబం నిద్రపోతుండగా దొంగలు వెనక తలుపు పగలగొట్టి వచ్చారు. బంగారం పోయింది. అందులో ఆ ఇంటాయన తల్లి నానుతాడు ఉంది. ఇంట్లో మనుషులుండగా చొరబడటాన్ని ఇక్కడి చట్టం అగ్రవేటెడ్ బర్గ్‌లరీ అంటుంది, గరిష్ఠ శిక్ష పాతికేళ్లు. అంత తీవ్రమైన నేరం. పైగా విడిగా నమోదు చేయించని నగలకు బీమా కంపెనీలు ఒక పరిమితి దాటి ఇవ్వవు, ఆయనకు వచ్చింది ఏ మూలకూ చాలలేదు. ఆయన నా దగ్గరికి వచ్చి కూర్చుని, పిల్లలు రాత్రిళ్లు తమ గదిలో పడుకోవడం లేదని చెప్పాడు. నేను ఆయనకు మన ప్రాంతంలో ఇలాంటివి ఎంత అరుదో వివరించాను. ఆయన కాసేపు విని, టీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఒక రాష్ట్రానికి వేసిన సగటు ఒక ఇంటికి ఓదార్పు ఎలా అవుతుందని నేను అనుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

తర్వాత కరోనా వచ్చింది. 2020, 2021లలో మెల్‌బోర్న్‌ను నెలల తరబడి మూసేశారు. జనమంతా ఇళ్లలోనే ఉంటే ఇళ్లల్లో దొంగలు పడే వీలు తగ్గింది, కార్లు కదలకపోతే వాటి దొంగతనాలూ తగ్గాయి. అదే సమయంలో ఆరోగ్యశాఖ ఆంక్షలను ఉల్లంఘించడం కూడా నేరంగా నమోదై మొత్తం అంకెలో కలిసింది. మాస్కు పెట్టుకోనివాడూ, ఇల్లు పగలగొట్టినవాడూ ఒకే మొత్తంలో ఉన్నారు. ఆ మొత్తం అంకెతో ఎవరు ఏ వాదమైనా చెయ్యొచ్చు. ఆంక్షలు ఎత్తేశాక దొంగతనాలు మళ్లీ పెరిగాయి. పడిపోయిన ఏడాదితో పోల్చేసరికి శాతాలు ఇంకా భయంకరంగా కనిపించాయి.

కానీ 2024, 2025 పెరుగుదలను అలా తీసెయ్యడానికి లేదు. అది నిజమైన పెరుగుదల. 2025 జూన్‌తో ముగిసిన ఏడాదిలో రాష్ట్రంలో నమోదైన నేరాలు ఆరు లక్షలు దాటాయి. కార్ల దొంగతనాలు 30 వేలు దాటాయి, రెండు దశాబ్దాలకు పైగా ఇన్ని లేవు. తాళం చెవి లేకుండానే, కారు కంప్యూటర్‌కు చిన్న పరికరం తగిలించి కొత్త తాళం తయారుచేసుకుని పట్టుకుపోతున్నారని పోలీసులు హెచ్చరించారు. దుకాణాల్లో దొంగతనాలు పెరిగాయి. 2025 మే నెలలో ప్రెస్టన్ దగ్గర నార్త్‌ల్యాండ్ షాపింగ్ సెంటర్‌లో పట్టపగలు రెండు ముఠాలు కత్తులతో కలబడ్డాయి. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం మెషెటీ కత్తుల అమ్మకం ఆపేసింది. సెప్టెంబరు 1 నుంచి వాటిని దగ్గర ఉంచుకోవడమే నేరమైంది, ఉన్నవాళ్లు తెచ్చి పడెయ్యడానికి పోలీస్ స్టేషన్ల దగ్గర పెట్టెలు పెట్టారు. ఆ సెప్టెంబరులోనే కాబుల్‌బ్యాంక్‌లో 12, 15 ఏళ్ల ఇద్దరు పిల్లల్ని నరికి చంపారు. రాక్‌బ్యాంక్ దుర్గమ్మ గుడికి వెళ్లే మన కుటుంబాలకు ఆ ఊరు బాగా తెలుసు. బాస్కెట్‌బాల్ ఆడి ఇంటికి వెళ్తున్న పిల్లలు. దక్షిణ సూడాన్ కుటుంబాల పిల్లలు. ఆ వార్త చదివిన రోజు మా అబ్బాయి నాతో మాట్లాడలేదు.

అంతకు కొంతకాలం ముందే నాకు మళ్లీ భయం పట్టుకుంది. కారుకు పచ్చరంగు స్టీరింగ్ తాళం కొన్నాను. గుమ్మం పక్కన ఒకటి, గ్యారేజీ మీద ఒకటి కెమెరాలు పెట్టించాను. ఏదైనా కదిలితే ఫోన్ మోగేట్టు ఏర్పాటు. సాయంత్రం నడకకు వెళ్లొద్దని మా ఆవిడకు చెప్పాను. రాత్రి ఫోన్ మోగితే లేచి కూర్చుని వీడియో చూసేవాణ్ణి. పిల్లి అయితే తీసేసేవాణ్ణి. గాలికి కదిలిన చెత్తడబ్బా అయితే తీసేసేవాణ్ణి. నా కారు వైపు ఎవరూ రాలేదని నిర్ధారించుకుని పడుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా వీధిలో ఉండే ఒక తెలుగు అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ రాయను. మా ఆవిడ ఇంట్లో లేదు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

“అన్నయ్యా, ఒక మాట అడగనా? ఇక్కడ పోలీసులకు ఫోన్ చేస్తే ఆయన్ని తీసుకెళ్లిపోతారా?”

“ఏమైందమ్మా?”

చెప్పలేదు. చుడీదార్ చేతిని మణికట్టు మీదకు లాక్కుంది. నేను చూశాను. చూడనట్టే ఉన్నాను.

“మా వీసా ఆయన పేరు మీద ఉంది కదన్నయ్యా. కంప్లైంట్ ఇస్తే నన్నూ పాపనూ ఇంటికి పంపించేస్తారా?”

నాకు తెలియదని చెప్పాల్సింది. తెలిసినవాళ్లను అడుగుదాం కూర్చోమ్మా అనాల్సింది. ఇన్నేళ్లుగా అన్నిటికీ జవాబు చెప్పడం అలవాటైన నోరు నాది. “తొందరపడకమ్మా. పోలీసుల దాకా వెళ్తే కేసవుతుంది. పీఆర్ వీసా ఆగిపోతుంది. ఉద్యోగం మీదకు వస్తుంది. నలుగురిలో పరువు పోతే మళ్లీ రాదు. నేను ఆయనతో మాట్లాడతాలే” అన్నాను.

“సరే అన్నయ్యా” అంది. అంతే, వెళ్లిపోయింది.

నేను నిజంగానే ఆయనతో మాట్లాడాను. టీ తాగుతూ, భుజం మీద చెయ్యి వేసి, సంసారమన్నాక సర్దుకుపోవాలి తమ్ముడూ అన్నాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. ఆమె నాతో చెప్పిందన్న సంగతి ఆయనకు చేరవేసింది నేనే. ఇంట్లో హింస అనుభవిస్తున్న మనిషి నోరు విప్పిందని హింసించేవాడికి తెలియడం ఎంత ప్రమాదమో బాధితులకు సాయం చేసేవాళ్లు ఎవరిని అడిగినా చెబుతారు. నేను ఎవరినీ అడగలేదు. మంచిపని చేశాననుకుని ఇంటికి వచ్చాను.

చివరికి ఫోన్ చేసింది వాళ్ల వెనకింట్లో ఉండే వియత్నాం ముసలావిడ. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. గోడ అవతల అరుపులు విని 000 నొక్కి, పోలీస్ అని, ఇంటి నంబరు చెప్పింది. అంతకుమించి ఆమెకేమీ తెలియదు. వీసాలు తెలియవు, పరువులు తెలియవు. పోలీసులు వచ్చారు.

రెండు రోజుల తర్వాత ఒక పోలీసు అధికారిణి వీధిలో కెమెరాలున్న ఇళ్లన్నీ తిరుగుతూ మా తలుపు తట్టింది. నా దగ్గర మిగిలిన వీడియోలు ఇమ్మంది. ఇచ్చేముందు కూర్చుని చూశాను. మా గ్యారేజీ కెమెరాకు వాళ్ల ఇంటి ముందున్న కారు ఒక మూలగా కనిపిస్తుంది. రాత్రి రెండు దాటాక ఆ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. ఆమె పాపను ఎత్తుకుని వస్తుంది, కాళ్లకు చెప్పుల్లేవు. కారు వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంటుంది. లోపల దీపం ఆరిపోతుంది. కారు కదలదు. చాలాసేపటి తర్వాత మళ్లీ తలుపు తెరిచి లోపలికి వెళ్తుంది. ఇలాంటివి వేర్వేరు రాత్రులవి మిగిలి ఉన్నాయి. ప్రతిదానికీ నా ఫోన్ మోగింది. ప్రతిదాన్నీ నేను తెరిచి చూశాను. కారు తలుపు తెరిచిన మనిషిని చూసి ముందు ఉలిక్కిపడి, ఓనరేలే, దొంగ కాదులే అని తీసేశాను. తీసేసినవి ఎన్నో నాకే తెలియదు.

మా ఆవిడ నా పక్కన నిలబడి చూసింది. “ఏవండీ, మీకు కారు కనిపించింది. అందులో మనిషి కనిపించలేదా?” అని అడిగింది. ఇంత సూటిగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు.

అప్పుడు మళ్లీ ఆ లెక్కలు తెరిచాను. ఇన్నాళ్లూ నేను చూడకుండా దాటేసిన పట్టికలు ఉన్నాయి. కుటుంబ హింస ఘటనల లెక్కను నేరాల ప్రధాన పట్టికలో కలపరు, అది విడిగా ఉంటుంది. పోలీసులు ఇంటికి వెళ్లి నమోదు చేసుకున్న ప్రతి ఘటనా అందులోకి వస్తుంది, దాని మీద నేరం మోపినా మోపకపోయినా. విక్టోరియాలో ఇటీవలి కాలంలో అవి ఏటా 90 వేలకు మించే ఉన్నాయి. నేను భయపడి తాళాలు కొన్న కార్ల దొంగతనాలకు సుమారు మూడు రెట్లు. దేశం మొత్తంలో 2022-23లో భర్తో, సహజీవనం చేసే మగవాడో, విడిపోయినవాడో చంపేసిన స్త్రీలు 34 మంది. ముక్కూ మొహం తెలియనివాడు చీకట్లో పొంచి ఉంటాడని మనం ఆడపిల్లలకు చెప్పిపెడతాం. ఈ దేశంలో హత్యకు గురైన స్త్రీలలో ఎక్కువమందిని చంపింది వాళ్లకు బాగా తెలిసినవాళ్లే.

ఇంకొకటి అర్థమైంది. కారు పోతే దాదాపు ప్రతివాడూ పోలీసులకు చెబుతాడు. రిపోర్టు లేకపోతే బీమా రాదు కదా! కాబట్టి కార్ల లెక్క ఇంచుమించు పూర్తి లెక్క. ఇంట్లో తిన్న దెబ్బకు బీమా లేదు. ఆ లెక్కలోకి వచ్చేది, ఎవరో ఒకరు ధైర్యం చేసి ఫోన్ చేసినంత మేరకే. 2015లో ఈ రాష్ట్ర ప్రభుత్వం కుటుంబ హింస మీద రాయల్ కమిషన్ వేసింది, అది 2016లో 227 సిఫారసులు చేసింది. ఆ తర్వాత పోలీసుల తీరు మారింది, చెప్పుకునేవాళ్లూ పెరిగారు. అందుచేత ఆ అంకె పెరిగినప్పుడు హింస పెరిగిందో, నమ్మకం పెరిగిందో నిదానంగా చూడాలి. తగ్గిందని సంబరపడటానికి ముందు ఇంకా నిదానంగా చూడాలి. ఆ అమ్మాయి మా గుమ్మంలో నిలబడిన రోజు ఫోన్ చేసి ఉంటే ఆ పట్టికలో ఒక అంకె పెరిగేది. నేను ఆపాను. ఆ త్రైమాసికంలో మా శివారు ఒక ఘటన మేర ప్రశాంతంగా కనిపించడానికి కారణం నేను.

నేను ఆమెకు చెప్పినవి ఎంత తప్పో కూడా తెలుసుకున్నాను. ఇంటర్వెన్షన్ ఆర్డర్ అంటే హింసించేవాడి నుంచి రక్షణకు కోర్టు ఇచ్చే సివిల్ ఉత్తర్వు. దానివల్లనే ఎవరి మీదా క్రిమినల్ కేసు పడదు, ఆ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే నేరం. ఉత్తర్వు వచ్చేలోగా పోలీసులే అక్కడికక్కడ సేఫ్టీ నోటీసు ఇచ్చి అతణ్ణి ఇంటి నుంచి దూరం పెట్టగలరు. ఇల్లు వదలాల్సింది ఎప్పుడూ ఆడమనిషే అనుకున్నాను, అదీ తప్పే. భాగస్వామి వీసా మీద వచ్చినవాళ్లకు, హింస వల్ల కాపురం తెగిపోయినా శాశ్వత నివాసానికి చట్టంలో దారి ఉంది. అన్ని తాత్కాలిక వీసాలకూ ఆ దారి లేదు. అందుకే వీసా సంగతి నాలాంటివాణ్ణి కాక వలస చట్టం తెలిసిన లాయరును అడగాలి. ఇన్‌టచ్ అనే సంస్థలో వలస వచ్చిన స్త్రీలకు ఈ సాయమే చేస్తారు. డబ్బు చేతికివ్వకపోవడం, పాస్‌పోర్టు దాచెయ్యడం, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, వీసా రద్దు చేయిస్తానని బెదిరించడం, ఇవన్నీ చెయ్యి చేసుకోకపోయినా హింసే. కట్నం కోసం వేధించడాన్ని విక్టోరియా 2019లో పేరుపెట్టి తన కుటుంబ హింస చట్టంలో చేర్చింది. ఆ చేర్పుకు కారణమైనవాళ్లలో మన దేశం నుంచి వచ్చిన ఆడపిల్లలు ఉన్నారు. సముద్రాలు దాటి వచ్చినా మనం వెంట తెచ్చుకున్న దురాచారాన్ని ఇక్కడి శాసనసభ గుర్తించింది. మన సంఘాల వేదికల మీద ఆ మాట నేను ఒక్కసారీ వినలేదు, ఒక్కసారీ అనలేదు.

ఆమె ఇప్పుడు వేరే చోట పాపతో క్షేమంగా ఉంటోంది. మా ఆవిడతో మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు, మాట్లాడాలని నేను కోరుకోవడం లేదు. దొంగలు పడ్డ ఇంటాయన దగ్గరికి మాత్రం వెళ్లాను. ఈసారి ఫోన్ తీయకుండా ఆయన చెప్పింది విన్నాను. మా అబ్బాయి స్నేహితుడి కుటుంబం ఎప్పుడో వేరే శివారుకు వెళ్లిపోయింది.

మొన్న ఉగాది కార్యక్రమానికి ముందు మా సంఘంలో ఒక కోరిక కోరాను. కూచిపూడికీ పంచాంగ శ్రవణానికీ మధ్య రెండు నిమిషాలు ఇవ్వండి, ఫోన్ నంబర్లు చదువుతానన్నాను. “పండగపూట ఇదేంటండీ, మనవాళ్లలో అలాంటివి తక్కువ” అన్నారు ఒక పెద్దాయన. తక్కువని ఆయనకెలా తెలుసు? నాకెలా తెలిసిందో అలాగే. చెప్పొద్దని మనమే చెబుతుంటే తక్కువగానే ఉంటాయి. ఆ రెండు నిమిషాలు దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కార్లకు తాళాలు వేసుకోండి. కెమెరాలు పెట్టుకోండి, నేనూ తీయలేదు. బంగారాన్ని బీమాలో విడిగా రాయించుకోండి. ప్రాణాపాయం లేని దొంగతనాలకు 131 444కు చెప్పండి, చిన్నదే కదా అని వదిలెయ్యకండి. గోడ అవతల అరుపులు వినిపిస్తే మాత్రం, మీ తెలుగువాళ్లయినా సరే, ముఖ్యంగా తెలుగువాళ్లయితే, 000కు ఫోన్ చెయ్యండి. ఎవరైనా వచ్చి పోలీసులకు చెప్పమంటారా అని అడిగితే అతనితో మాట్లాడటానికి బయల్దేరకండి. విక్టోరియాలో కుటుంబ హింస బాధితులకు సాయం చేసే సేఫ్ స్టెప్స్ నంబరు 1800 015 188, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఇంగ్లీషు రాకపోతే 131 450కు ఫోన్ చేసి తెలుగు అని చెప్పండి, దుబాసీని లైన్లోకి తెస్తారు.

ఈ నంబర్లు మీ ఇంటికి వచ్చే ఆడపిల్లలందరికీ ఇవ్వండి. అవసరం ఉందా అని అడగకుండా ఇవ్వండి.